దుమ్ముకు ఓర్చే ల్యాప్‌టాప్ కొనాలా వద్దా

సంచిలో ఏం పెట్టాలి

బెంగళూరు పీణ్యలో ఒక చిన్న కంపెనీలో ఇరవై మూడేళ్ళు పని చేశాను. గ్రానైట్ రాళ్ళు కోసే యంత్రాలకు కంట్రోల్ ప్యానెళ్ళు తయారుచేసే కంపెనీ అది. హిందూపురంలో డిప్లొమా చదివి, పెళ్ళయ్యాక బెంగళూరు వచ్చి, మొదట ప్యానెళ్ళలో తీగలు బిగించే బల్ల దగ్గర కూర్చున్నాను. కొన్నేళ్ళకు సర్వీసు విభాగం చూసుకోమన్నారు. రిటైరయ్యేదాకా అదే చూశాను.

సర్వీసు విభాగం అంటే ఏమిటో చేరేముందు నాకెవరూ చెప్పలేదు. మీకూ చెప్పరు. పొద్దున తొమ్మిదింటికి ఫోను మోగుతుంది. జిగణిలోనో, కృష్ణగిరిలోనో, కుప్పం దగ్గరో ఒక యంత్రం ఆగిపోయి ఉంటుంది. దాని యజమాని అరుస్తుంటాడు. ఆ అరుపుల్లోంచి యంత్రానికి ఏమైందో ఏరుకోవాలి. ఎవరిని పంపాలో, వాళ్ళ సంచిలో ఏం పెట్టి పంపాలో తేల్చాలి. పనంటే అదే. మిగిలినవన్నీ కాగితాలు. వాటి గురించి రాయను.

ఎవరిని పంపాలన్నది నాకు తొందరగానే పట్టుబడింది. సంచిలో ఏం పెట్టాలన్నది మాత్రం చివరిదాకా తేలలేదు. ముఖ్యంగా ఒక వస్తువు విషయంలో మొదట వద్దన్నాను, తర్వాత సరేనన్నాను. రెండుసార్లూ నా దగ్గర మంచి కారణాలే ఉన్నాయి. రెండుసార్లూ ఏదో పొరపాటు చేశానని ఇప్పటికీ అనిపిస్తుంది. అది ఏ పొరపాటో చెప్పమంటే మాత్రం తడబడతాను. ఈ పనిలోకి కొత్తగా వస్తున్నవాళ్ళు ఆ వస్తువు గురించే నన్ను అడుగుతుంటారు కాబట్టి జరిగింది జరిగినట్టు రాస్తున్నాను. చివర్లో లెక్క తేల్చి చెబుతానని ఎదురుచూడకండి.

మూడు ల్యాప్‌టాప్‌లు

తొంభైల్లో మా ప్రోగ్రాములు చిన్న చిప్పుల్లో ఉండేవి. వాటిని థర్మోకోల్ ముక్కకు గుచ్చి రేకు డబ్బాలో పెట్టి ఇచ్చేదాన్ని. మా ఇంజినీరు వెళ్ళి పాత చిప్పు పీకి కొత్తది పెట్టి వచ్చేవాడు. రెండు వేల సంవత్సరం వచ్చేసరికి ఆ పద్ధతి పోయింది. యంత్రానికి కేబులు తగిలించి, ల్యాప్‌టాప్‌లో ప్రోగ్రాము చూస్తూ, అక్కడికక్కడే మార్చే కాలం వచ్చింది. మా యజమాని నంజుండయ్య గారు ఐదుగురు ఇంజినీర్లకు మూడు ల్యాప్‌టాప్‌లు కొన్నారు.

గ్రానైట్ షెడ్డు చూడనివాళ్ళకు చెబుతాను. మనిషికన్నా ఎత్తయిన గుండ్రటి రంపం తిరుగుతుంటుంది. అది వేడెక్కకుండా దాని మీద నీళ్ళు పడుతూనే ఉంటాయి. రాయి పొడి ఆ నీళ్ళతో కలిసి బూడిదరంగు బురదవుతుంది. తడిగా ఉన్నంతసేపూ గోడల మీదికి, మనుషుల మీదికి చిమ్ముతుంది. ఆరాక దుమ్మై లేస్తుంది. అలాంటి చోట ఒళ్ళో ల్యాప్‌టాప్ పెట్టుకుని కూర్చోవాలి.

మా ఇంజినీర్లలో ఓబులేశు అందరికన్నా మంచి పనివాడు. కదిరి దగ్గరి మనిషి. మోటారు మీద అరచెయ్యి ఆనించి, బేరింగు పోతోందో లేదో చెప్పేవాడు. ఎక్కువ కష్టమైన చోటికి అతన్నే పంపేదాన్ని కాబట్టి ల్యాప్‌టాప్‌లు కూడా అతని చేతిలోనే ఎక్కువ పోయాయి. ఏడాదిన్నరలో మూడు; పోయినప్పుడల్లా ఇంకోటి కొన్నాం. మూడోది తెచ్చి నా బల్ల మీద పెట్టినప్పుడు గదిలో మిగతా నలుగురూ ఉన్నారు.

“ఏమప్పా ఓబులేశూ, ఇదీ పాయనా?” అన్నాను.

“నేనేం చేసేది మేడమ్? ఆడ నీళ్ళు పైనుంచి పడతా ఉండాయి, కిందనుంచి చిమ్ముతా ఉండాయి. మిషను పక్కన నిలబడితేనే కదా దానికి ఏమయ్యిందో తెలిసేది.”

“నిన్ను నిలబడమన్నాం గానీ దానికి కూడా స్నానం చేయించమన్నామా? నీ చేతిలోనే పోతాయా అన్నీ?”

అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. అతను నవ్వలేదు. ఆ సంగతి నేను అప్పుడు చూడలేదు.

నీళ్ళు పోసి చూపించారు

ఆ నెలలోనే హెచ్‌ఎస్‌ఆర్ లేఅవుట్ నుంచి ఒకాయన వచ్చాడు. ఆయన అమ్మేది రగ్గడ్ ల్యాప్‌టాప్, అంటే దుమ్ముకూ నీళ్ళకూ దెబ్బలకూ ఓర్చేది. చూడ్డానికి ల్యాప్‌టాప్‌లా లేదు, ఇనుప పెట్టెకు పిడి తగిలించినట్టు ఉంది. నంజుండయ్య గారి గదిలో దాన్ని నడుమెత్తు నుంచి సిమెంటు నేల మీద వదిలేశాడు. తీసి తెరిచి చూపించాడు. పనిచేస్తోంది. తర్వాత స్టీలు జగ్గులోని నీళ్ళు కీబోర్డు మీద పోశాడు. అప్పుడూ పనిచేస్తోంది.

నంజుండయ్య గారు కుర్చీలో ముందుకు జరిగి, “ఇన్నొందు సల” అన్నారు. మళ్ళీ ఒకసారి అని. మళ్ళీ పోశాడు. ఆయన ముఖం గారడీ చూస్తున్న పిల్లవాడి ముఖంలా ఉంది. అప్పుడు ధర అడిగారు. ఒక్కటి రెండు లక్షల పైన. ఆ డబ్బుకు మామూలువి మూడు వస్తాయి.

ఆ మనిషి వెళ్ళిపోయాక నంజుండయ్య గారు నావైపు తిరిగి, ఆయన మాట్లాడే కన్నడం కలిసిన తెలుగులో, “సరళమ్మా, బేకా బేడవా? ఒక్క మాట చెప్పు. కారణం ఒక పేజీలో రాసివ్వు, సాకు” అన్నారు. బేకా బేడవా అంటే కావాలా వద్దా అని, సాకు అంటే చాలు అని.

ఆ ఒక్క పేజీ రాయడానికి నాకు రెండు వారాలు పట్టింది. చచ్చిపోయిన మూడు ల్యాప్‌టాప్‌లనూ నేనే విప్పాను. మొదటిదాంట్లో కీబోర్డు కింద రాతి బురద గట్టిపడి ఉంది. సరే, దుమ్ము పని అనుకున్నాను. రెండోదాంట్లో దుమ్మే లేదు. బస్సులో పై అర మీదనుంచి పడి మూత విరిగింది. మూడోది ఫ్యాక్టరీ జనరేటరు కరెంటు ఎక్కువై లోపల కాలిపోయింది. ఆ రగ్గడ్ ల్యాప్‌టాప్ అయితే తట్టుకునేదా అని, అమ్మడానికి వచ్చినాయనకు ఫోను చేసి అడిగాను. “డస్ట్, వాటర్, డ్రాప్ మూడూ గ్యారంటీ మేడమ్. వోల్టేజీ మాత్రం మా చేతిలో ఉండదు” అన్నాడు.

అంటే మూడింట్లో రెండు బతికేవి. బస్సులో పడడం మళ్ళీ జరుగుతుందా, జరగదా? జరగదనుకుంటే ఒక్కటే బతికేది. ఇలా ఎంత రాసినా రెండు వైపులా సమంగా వచ్చేది. ఇంజినీర్లను అడిగితే ఒకతను బరువెక్కువన్నాడు, ఇంకొకతను మనకు పరువుగా ఉంటుందన్నాడు. ఓబులేశును అడిగాను.

“కొంటే మంచిదే మేడమ్. కొనకపోయినా పనేం నిలిచిపోదు.”

“అంటే ఏమిటప్పా? కొనమంటావా, వద్దంటావా?”

“మీరు ఎట్ల చెప్తే అట్లే.”

అతని మాటల్లో ఏదో ముడి ఉందని నాకు తట్టలేదు. నాకు కావలసిన జవాబు దొరికిందనుకున్నాను. ఎందుకంటే అప్పటికే నాకొక ఉపాయం తోచింది. పదిహేను మీటర్ల కేబులు. ఒక కొస యంత్రానికి, ఇంకో కొస ఫ్యాక్టరీ ఆఫీసు గదిలో. ల్యాప్‌టాప్ ఆ గదిలో, తలుపు వేసి. ఇంజినీరు అక్కడ కూర్చుని ప్రోగ్రాము చూస్తాడు, యంత్రం దగ్గర ఫ్యాక్టరీ మనిషి ఒకరు ఉండి ఏం జరుగుతోందో కేక వేసి చెబుతారు. ల్యాప్‌టాప్‌లను షెడ్డులోకి తీసుకెళ్ళకూడదని నియమం రాశాను. రగ్గడ్ ల్యాప్‌టాప్ వద్దని ఒక పేజీ ఇచ్చాను. నంజుండయ్య గారు చదివి సంతోషించారు.

ఏడు నెలల్లో ఒక్క ల్యాప్‌టాప్ కూడా పోలేదు. వచ్చినవాళ్ళందరికీ ఆయన ఆ కేబులు చూపించి, “మన సరళమ్మ తలకాయ” అనేవారు. నాకు గర్వంగా ఉండేది. అది దాచుకుని ఏం లాభం?

కుప్పం దగ్గర జరిగింది

కుప్పం దగ్గర ఒక ఫ్యాక్టరీలో, రాతి బ్లాకును రంపం కిందికి తీసుకెళ్ళే ట్రాలీ మధ్యలో ఆగిపోతోందని ఫోను వచ్చింది. పట్టాల మీద నడిచే ట్రాలీ అది. ఓబులేశును పంపాను. మధ్యాహ్నం భోజనాల వేళ అతని దగ్గర్నుంచి ఫోను వచ్చింది. “మేడమ్, మీరు రావాల” అన్నాడు. అంతకుమించి చెప్పలేకపోయాడు. ఫోను ఎవరో తీసుకుని, ట్రాలీ కింద మనిషి కాలు పడిందని చెప్పారు.

నేనూ నంజుండయ్య గారూ ఆ మధ్యాహ్నం రైలుకే వెళ్ళాం. కాలు నలిగినతని పేరు వెంకటస్వామి. నలభై దాటిన మనిషి, ఆ షెడ్డులో కూలిపని. కుడికాలి మూడు వేళ్ళు తీసేశారు. ఆసుపత్రి వరండాలో అతని భార్య నన్ను చూసి, ఎవరో డాక్టరమ్మ అనుకుని లేచి నిలబడింది. నేను ఎవరో ఆమెకు ఎలా చెప్పాలో తెలియక, కూర్చోమని చెయ్యి చూపించాను.

ఏం జరిగిందో నేను ముగ్గురిని అడిగాను. ముగ్గురూ నిజమే చెప్పారని నా నమ్మకం. కానీ మూడూ కలవవు.

ఓబులేశు చెప్పింది ఇది. ఆఫీసు గదిలో కూర్చుని చూస్తే, ట్రాలీ చివరికొచ్చిందని చెప్పే సెన్సారు మీద అనుమానం వచ్చింది. ట్రాలీని కొంచెం కదిలించి చూద్దామనుకున్నాడు. తలుపు దగ్గర సూపర్‌వైజరు మునిరత్నం నిలబడి ఉన్నాడు. “అందరూ దూరంగా ఉండారా?” అని గట్టిగా అడిగాడు. “ఉండారు” అని జవాబొచ్చింది. ట్రాలీని వదిలాడు.

మునిరత్నం చెప్పింది ఇది. “నేను ఉండారు అనలేదు మేడమ్, దేవుని తోడు. ఉండు అన్నా. ఉండు, చూసి చెప్తా అన్నా.”

మా వైపు ‘ఉన్నారు’ అనడానికి ‘ఉండారు’ అంటాం. ‘ఆగు’ అనడానికి ‘ఉండు’ అంటాం. పక్కన ఇంకో రెండు రంపాలు తిరుగుతున్న షెడ్డులో ఆ చివరి అక్షరం ఎవరికి వినిపిస్తుంది? మునిరత్నం అసలేమన్నాడో ఇప్పుడు ఆయనకైనా ఖచ్చితంగా గుర్తుందో లేదో నాకు తెలియదు.

వెంకటస్వామి చెప్పింది ఇంకోటి. అతన్ని అక్కడికి ఎవరూ పొమ్మనలేదు. పట్టా మీద బురద పేరుకుని ట్రాలీ ఆగుతోందేమోనని తనకే తోచి, అటువైపు దిగి పారతో గీకుతున్నాడు. “పాపం ఆయప్ప పొద్దన్నుంచి అన్నం గూడా తినకుండా పని చేస్తా ఉండాడని, నేనూ ఒక చెయ్యి వేస్తామని పోయినానమ్మా” అన్నాడు.

ఎర్ర బటను, అంటే యంత్రాన్ని ఒక్కసారిగా ఆపేది, యంత్రం పక్కనే ఉంది. దాని దగ్గర ఎవరూ లేరు. మామూలుగా ఇంజినీరు నిలబడే చోటు అదే.

ఆసుపత్రి బయట ఓబులేశు నాతో ఇంకో మాట చెప్పాడు. “ట్రాలీ కదిలినప్పుడు తెర మీద పచ్చ గుర్తు వెలిగింది మేడమ్. సెన్సారు పని చేస్తా ఉండాది, తప్పు యాడుండాదో దొరికింది అని సంతోషపడితిని. అప్పుడే కేక ఇనిపించింది. మూడు సెకండ్లు నేను సంతోషంగా ఉంటిని మేడమ్.”

తిరుగు రైల్లో నంజుండయ్య గారు చాలాసేపు కిటికీలోంచి చూశారు. మాలూరు దాటాక, ఓబులేశును ఇక ఉంచుకోలేమేమో అన్నారు. ఫ్యాక్టరీవాళ్ళు అతని పేరే చెబుతున్నారు, వాళ్ళకు ఏదో ఒకటి రాసివ్వాలి.

“లోపల కూర్చోమన్నది నేను సార్” అన్నాను.

“కూర్చోమన్నావు. చూడకుండా వదలమని నువ్వు చెప్పలేదు కదా?”

“చూడ్డానికి వీల్లేని చోట కూర్చోబెట్టాను కదా సార్.”

ఆయన అన్నదీ నిజమే, నేనన్నదీ నిజమే అని ఆ క్షణంలో కూడా నాకు తెలుసు. ఓబులేశు పేరు రాస్తే దాని కిందే నా నియమం కూడా రాయండి, నా సంతకం ఉన్న కాగితం జత చేయండి అన్నాను. వైట్‌ఫీల్డు వచ్చింది. ఆయన కళ్ళద్దాలు తుడుచుకుని, “ఆ రగ్గడ్ పెట్టె తీసుకుందాం” అన్నారు. నేను సరేనన్నాను.

రెండు వారాలు కష్టపడి రాసిన పేజీ ఉండగా, ఆ కొనుగోలు ఇద్దరం ఒకరి ముఖం ఒకరు చూసుకోకుండా రైల్లో నిర్ణయించాం. ఆసుపత్రి ఖర్చులు రెండు కంపెనీలూ పెట్టుకున్నాయి. ఓబులేశు ఉద్యోగం నిలిచింది. పొడుగు కేబులు నియమం నేనే కొట్టేశాను.

బీరువాలో పెట్టె

కథ ఇక్కడ అయిపోతే నాకు ఈ గందరగోళం ఉండేది కాదు. మామూలు ల్యాప్‌టాప్ పెట్టి ఒక మనిషి కాలి వేళ్ళు పోగొట్టాం, ఖరీదైనది కొని బుద్ధి తెచ్చుకున్నాం అని రాసేసి ముగించేదాన్ని.

ఆ పెట్టె వచ్చాక రెండు నెలలు బీరువాలోనే ఉంది. ఎవరూ తీసుకెళ్ళలేదు. బరువన్నారు, తాళం దొరకలేదన్నారు, ఈ పనికి అంతది అవసరం లేదన్నారు. తీసుకెళ్ళినవాళ్ళు సంతకం పెట్టాలని నంజుండయ్య గారు ఒక పుస్తకం పెట్టించారు. ఆ పుస్తకంలో ఒక్క సంతకం లేదు. చివరికి ఒకతను ఉన్నమాట చెప్పాడు. “దానికి ఏమన్నా అయితే ఎవరు మేడమ్ మాట పడేది?”

ఓబులేశు అప్పటికి షెడ్డులకు వెళ్ళడం మానేశాడు. పీణ్యలోనే ప్యానెళ్ళు పరీక్షించే బల్ల దగ్గర పని అడిగి తీసుకున్నాడు. ఒక మధ్యాహ్నం అతని దగ్గరికి వెళ్ళి స్టూలు లాక్కుని కూర్చున్నాను.

“నువ్వే మొదట తీసుకుపోతావనుకున్నానప్పా ఆ పెట్టెను. నీకోసమే కదా కొన్నది” అన్నాను.

అతను చేతిలోని టెస్టరు పక్కన పెట్టాడు. “నిజం చెప్పేదా మేడమ్? ఆ పొద్దు నా చేతిలో ఆ పెట్టె ఉన్నా నేను లోపలే కూర్చునుంటాను.”

“ఎందుకు? దానికి నీళ్ళు పడినా ఏమీ కాదు కదా?”

“నేను మూడు పోగొట్టినోణ్ణి. మామూలుదానికే అందరి ముందర అంత మాట పడితిని. రెండు లచ్చల దానికి ఎంత పడాల?”

నేను అన్న మాట, నవ్విన నవ్వు అప్పుడు గుర్తొచ్చాయి. నియమం పెట్టకముందే అతను యంత్రానికి దూరంగా జరగడం మొదలుపెట్టాడని, దుమ్ము పడకుండా ఒంటి మీది చొక్కా విప్పి ల్యాప్‌టాప్‌కు కప్పేవాడని అతను చెబితే తెలిసింది. అంటే తప్పు కేబులుదా? నా నియమానిదా? నా నోటిదా? వెంకటస్వామిని ఆ పొద్దు ఏది కాపాడేది? రగ్గడ్ ల్యాప్‌టాప్ ఆ రోజు ఉండి ఉంటే, అది కూడా ఆ గదిలోనే, తలుపు వేసి, బల్ల మీద ఉండేదేమో.

“ఆ రోజు అట్లా అనకూడదు నేను. తప్పే” అన్నాను. అతను టెస్టరు మళ్ళీ చేతిలోకి తీసుకున్నాడు కానీ దాన్ని ప్యానెలుకు ఆనించలేదు.

మరుసటి రోజు ఐదుగురినీ కూర్చోబెట్టి రెండు సంగతులు చెప్పాను. ఎర్ర బటను చేతికి అందే చోట, రంపం కంటికి కనిపించే చోట నిలబడి మాత్రమే యంత్రాన్ని కదిలించాలి. ల్యాప్‌టాప్ పోతే ఎందుకు పోయిందని ఎవరూ అడగరు. సంతకాల పుస్తకం తీసేయమని నంజుండయ్య గారితో వాదించాను. ఆయనకు నచ్చలేదు. తీసేశారు.

ఈ నియమం వచ్చాక మామూలు ల్యాప్‌టాప్‌లు మళ్ళీ పోవడం మొదలుపెట్టాయి. మనుషులకు మాత్రం ఏమీ కాలేదు. ఆ ఇనుప పెట్టె నేను రిటైరయ్యేదాకా బతికే ఉంది. చివరి రోజుల్లో బ్యాటరీ దొరక్క, కరెంటుకు తగిలించి వాడేవాళ్ళు. అప్పటికి మామూలువాటి ధర బాగా తగ్గింది. బెళ్ళందూరు వైపు నుంచి కొత్తగా పనిలో చేరిన పిల్లలు దాన్ని ఎత్తి చూసి నవ్వేవాళ్ళు. మరి దానికి పెట్టిన డబ్బు దండగా, కాదా? ఈ మాట చాలామంది అడిగారు. మీ ఇంజినీరు ఏ వస్తువు పాడవుతుందని భయపడుతున్నాడో, ఆ భయంతో ఎక్కడ నిలబడుతున్నాడో ముందు వెళ్ళి చూడండి, తర్వాత కొనండి అని చెబుతాను. ఇది జవాబు కాదని నాకు తెలుసు. నా దగ్గర ఉన్నది ఇదే.

మొదటిసారి బయటికి తీసుకెళ్ళిన రోజు

ఆ పెట్టెను మొదటిసారి షెడ్డుకు తీసుకెళ్ళింది నేనే. సంతకాల పుస్తకం తీసేశాక, కుప్పం దగ్గరి అదే ఫ్యాక్టరీ నుంచి ఇంకో యంత్రం ఆగిందని ఫోను వస్తే, ఓబులేశును అడిగాను. “నేనూ వస్తా. పెట్టె నేను మోస్తా. నువ్వు రా చాలు” అన్నాను. అతను పొద్దంతా బల్ల దగ్గరే పని చేసుకున్నాడు. సాయంత్రం ఇంటికి పోయేముందు వచ్చి, “రైలు ఎన్ని గంటలకు మేడమ్?” అన్నాడు.

గేటు దగ్గర కుర్చీలో వెంకటస్వామి ఉన్నాడు. షెడ్డు పని చేయలేడని అక్కడ పెట్టారు. కుడికాలికి చెప్పు లేదు, గుడ్డ చుట్టి ఉంది. ఓబులేశును చూడగానే గుర్తుపట్టాడు.

“ఏమప్పా, బాగుండావా? శానా దినాలాయ నిన్ను చూసి.”

ఓబులేశు తల ఊపాడు. వెంకటస్వామి అతని భుజం మీద చెయ్యి వేసి, “పో, పో, మిషను నీకోసం కాచుకోని ఉండాది” అని నవ్వాడు.

షెడ్డులో ఓబులేశు యంత్రం పక్కనే ఒక రాతి స్లాబు మీద పెట్టె పెట్టి తెరిచాడు. రెండు నిమిషాల్లోనే బురద చిమ్మి కీబోర్డు మీద పడింది. అతని చెయ్యి చొక్కా కొసకు పోయింది, మళ్ళీ ఆగింది. యంత్రాన్ని కదిలించేముందు ఈసారి ఎవరినీ అడగలేదు. తనే చుట్టూ తిరిగి వచ్చి, వంగి కిందికి చూసి, మునిరత్నంతో సహా నలుగురినీ ఒక్కొక్కరి పేరు పెట్టి పిలిచి, నేల మీద గీసి ఉన్న గీత అవతల నిలబెట్టాడు. ఎడమచెయ్యి ఎర్ర బటను మీద ఉంచి, కుడిచేత్తో మీట నొక్కాడు. రెండు గంటల్లో పని అయింది.

మేము కేబులు చుట్టుకుంటుండగా వెంకటస్వామి మెల్లగా కుంటుతూ లోపలికి వచ్చాడు. ఒక తడి గుడ్డ తెచ్చాడు. మేము వద్దంటున్నా వినకుండా స్లాబు ముందు నిలబడి, పెట్టె మీద ఆరిపోయిన బురద తుడవడం మొదలుపెట్టాడు.

“ఇంత లావుండాదే, ఇదీ కంప్యూటరేనా అమ్మా?”

“అవునప్పా. నీళ్ళు పడినా, కింద పడినా ఏమీ కాదు దీనికి. మిషను పక్కనే పెట్టుకోవచ్చు” అన్నాను. అలా చెబితే అతనికి ఏదో ఊరట అనుకున్నాను. ఆ ఊరట నాకే కావలసి వచ్చిందేమో.

“ఎంతమ్మా ఇది?”

చెప్పాలా వద్దా అని ఆగాను. ఓబులేశు తల ఎత్తలేదు. రెండు లక్షల పైన అని చెప్పాను.

వెంకటస్వామి చెయ్యి ఆగింది. నా ముఖంలోకి చూశాడు. అతని కళ్ళల్లో కోపం లేదు. మా కోసం నిజంగానే కంగారుపడుతున్నాడు.

“రెండు లచ్చలా! అంత పెట్టి కొన్నదాన్ని ఈ బురదలోకి ఎట్ల తెస్తారమ్మా? నేనైనా ఆఫీసు రూములోపలే పెట్టుంటి.”

అతను గుడ్డ పిండుకుని వచ్చి, పెట్టె మూలలు మళ్ళీ తుడిచాడు. ఈసారి చెయ్యి మరింత మెత్తగా పడింది.